నాలుగో గీత

నా ఉద్యోగం పురుగుల్ని చంపడం. కాస్త గౌరవంగా చెప్పాలంటే, ధాన్యం గోదాములో మందు పట్టించే పని. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. మా బావ నన్ను పొగరాయుడు అనేవాడు. మేం పట్టించేది పొగ కాదు, కంటికి కనపడని గాలి అని ఎన్నిసార్లు చెప్పినా, "అయితే గాలిరాయుడివి, అది ఇంకా అధ్వాన్నం" అనేవాడు. ఆయన దర్జీ. ఎదుటివాడి మాటను మధ్యలో కత్తిరించకపోతే ఆయనకు తోచదు.

ముందు నా పని సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన తప్పు ఎలాంటిదో తెలియదు.

బియ్యంలో పడే ముక్కుపురుగును అందరూ చూసే ఉంటారు. నువ్వుగింజంత ఉంటుంది. పేరులో ముక్కు ఉంది గానీ అది ముక్కు కాదు, పొడుగాటి మూతి. దాంతో గింజకు తూటు పెడుతుంది, అంతే. ఊపిరి మాత్రం పక్కల నుంచి తీస్తుంది. ఒంటికి రెండు వైపులా వరసగా సన్నటి రంధ్రాలుంటాయి. నేను పనిలో చేరిన కొత్తలో మా పెద్దసారు ఒక పెద్ద పెంకుపురుగును పక్కకు తిప్పి, నా కంటికి భూతద్దం పెట్టి చూపించాడు. "దీని తల నీళ్లలో ముంచి గంటసేపు ఉంచు, ఏమీ కాదు. పక్కలకి నూనె రాయి, చచ్చూరుకుంటుంది" అన్నాడు. పురుగుకు ఊపిరితిత్తులు లేవు. దాని రక్తానికి గాలిని మోసే పని లేదు. ఆ రంధ్రాల నుంచి గొట్టాలు లోపలికి పోయి, చీలి, మళ్లీ చీలి, ఇంటింటికీ కుళాయి వేసినట్టు ప్రతి కండ దగ్గరికీ గాలిని చేరుస్తాయి.

పెద్దసారు ఆ రంధ్రాలను కిటికీలు అనేవాడు. మా గోదాములో ఇప్పటికీ అందరం అదే అంటాం. వాటికి తలుపులు కూడా ఉన్నాయి. లోపల చాలినంత మంచిగాలి ఉంటే పురుగు కదలకుండా తలుపులేసుకుని కూర్చుంటుంది. చెడుగాలి, అంటే మనం బయటికి వదిలే కార్బన్ డయాక్సైడు, లోపల పేరుకుంటేనే తలుపు తెరుస్తుంది. తలుపు వేసుకున్న పురుగుకు విషం సరిగా ఎక్కదు. అందుకని మేం బస్తాల గుట్ట మీద పట్టా కప్పి, అంచుల మీద ఇసుక మూటలు పరిచి, విషంతో పాటు చెడుగాలిని కూడా వదులుతాం. తలుపు తెరిపించేది చెడుగాలి, లోపలికి వెళ్లేది విషం. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత బాగా తెలుసు.

అక్క కూడా మా గోదాములోనే పనిచేసేది. జల్లెడ పట్టే పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ దుమ్ములో కూర్చుని, ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని ధాన్యం జల్లించేది. నాకు ఊహ తెలిసేసరికి అమ్మ లేదు. నాకు అన్నం పెట్టిందీ, చెంపలు వాయించిందీ, పెద్దసారు కాళ్లావేళ్లా పడి నన్ను ఉద్యోగంలో పెట్టించిందీ అక్కే. నాకు ఉద్యోగం దొరికింది, ఆమెకు దుమ్ము దక్కింది. ఆరేళ్లుగా ఆమె ఊపిరితిత్తులు పనికి రాకుండా పోతున్నాయి. లోపలికి వెళ్లిన గాలి బయటికి రాదు. డాక్టరమ్మ అదేదో పెద్ద పేరు చెప్పి, సాగే గుణం పోయిందని వివరించింది.

"అంటే ఎలాస్టిక్ పోయిన లాగు అన్నమాట" అన్నాడు బావ.

అక్క నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే పెదాలు నీలంగా మారాయి. ఇంటికొచ్చాక బావ ఆ రోజంతా కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు.

వాళ్లింట్లో కింద బావ కుట్టుమిషను నడుస్తుంది, పైన అక్క ఆక్సిజన్ మిషను నడుస్తుంది. ఇది గదిలోని గాలినే పీల్చి, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి, సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. ముందు భాగంలో నిలువుగా ఒక గాజు గొట్టం, దాని మీద ఒకటి నుంచి ఐదు దాకా గీతలు, లోపల చిన్న గోళీ. మీట తిప్పితే గోళీ పైకి లేస్తుంది. గోళీ ఒకటో గీత దగ్గర ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించడానికి వేలికి తగిలించే పరికరంలో ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు మధ్య కనపడితే చాలంది.

"నూటికి తొంభై ఏంటండీ? మామూలు మనుషులకి తొంభై ఎనిమిది ఉంటుంది కదా" అన్నాను.

"ఆవిడకి ఇదే మామూలు. పెంచకండి, ఎక్కువైతే మంచిది కాదు" అని, బయట కూర్చున్న జనాన్ని చూసి తర్వాతి పేరు పిలిచింది.

నాకు ఒళ్లు మండింది. గాలి విషయంలో కూడా పిసినారితనమా అనుకున్నాను. అన్నం ఎక్కువైతే అరగదు, నిజమే. గాలి ఎక్కువైతే ఏమవుతుంది? దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాను. "ఎనభై ఎనిమిదంటే ఫస్టు క్లాసేనోయ్. నీకెప్పుడైనా వచ్చాయా?" అని బావ నా నోరు మూయించాడు.

అక్కతో నేను మాట్లాడేది ఎక్కువగా పురుగుల గురించే. ఇంకేం మాట్లాడను? ఆమెకు ఎక్కువ మాట్లాడే ఊపిరి లేదు, నాకు వేరే కబుర్లు రావు. ఊపిరితిత్తులే లేకపోతే చెడిపోవడానికేముంది, పురుగు బతుకే నయం అన్నానొకసారి.

"వచ్చే జన్మలో ముక్కుపురుగుగా పుడతాలేరా" అంది, రెండు మాటలకొకసారి ఆగుతూ. "నువ్వు మాత్రం... ఆ గోదాముకి రాకు."

ఆ నెలలో గోదాములో పెద్ద గుట్టకు మందు పట్టించాం. పట్టా కప్పి సీలు వేస్తే పది రోజుల దాకా లోపలికి ఎవరూ వెళ్లకూడదు. మాకు సెలవులాంటిదే. నేను అక్కకు తోడుగా ఉండడానికి వచ్చాను. బావకు పెళ్లి బట్టల పని మీద పడింది. "ఊపిరి సలపడం లేదోయ్" అని, ఆ మాట ఎక్కడ అన్నాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం బావ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లాడు. అక్క మొహం కడుక్కోవడానికి లేచింది. మంచం నుంచి కుళాయి దాకా ఎనిమిది అడుగులు. వెళ్లడం వెళ్లింది గానీ తిరిగి రావడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, మెడ నరాలు తాళ్లలా బిగిసిపోతుంటే గాలి కోసం నోరు తెరిచింది. మొహానికి సబ్బు నురగ అలాగే ఉంది. నేను తడిగుడ్డతో తుడిచాను. వేలికి పరికరం తగిలిస్తే ఎనభై ఆరు.

"ఒరేయ్... గాలి... ఆడట్లేదురా."

అంతే అంది. ఆ ఒక్క మాట అనడానికి రెండుసార్లు ఆగింది. నేను మిషను దగ్గరికి వెళ్లి మీట తిప్పాను. గోళీ రెండు దాటింది, మూడు దాటింది, నాలుగో గీత దగ్గర నిలిచింది.

రెండు నిమిషాల్లో తొంభై మూడు. ఇంకాసేపటికి తొంభై ఎనిమిది. నాతో సమానం. అక్క భుజాలు కిందికి దిగాయి. పెదాల నీలం పోయి, బుగ్గలకు ఎరుపొచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె మొహంలో రంగు చూశాను. ఎప్పుడూ మంచులా ఉండే అరచేతులు పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. డాక్టరమ్మను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు.

"ఎలా ఉందక్కా?"

"హాయిగా ఉందిరా" అంది. కాసేపాగి, "తల కొంచెం బరువుగా ఉంది... నిద్రొస్తోంది" అంది.

ఆరేళ్లుగా ఆమె పడుకుని నిద్రపోయింది లేదు. మూడు దిండ్లు ఆనుకుని కూర్చుని, అరగంటకొకసారి ఉలిక్కిపడి లేస్తుంది. పడుకో అక్కా, పడుకో అన్నాను. రెండు దిండ్లు తీసేశాను. పడుకుంది. ఊపిరి నెమ్మదించింది. ఇదివరకు పరుగెత్తుతున్నట్టుండే ఊపిరి నిదానంగా, దూరం దూరంగా పడింది. వీధి చప్పుడుకు లేస్తుందేమోనని కిటికీ కూడా మూశాను. ఆమె పక్కన కుర్చీ వేసుకుని, నా అంత మొనగాడు లేడన్నట్టు కూర్చున్నాను. పరికరంలో తొంభై ఎనిమిది కనపడుతూనే ఉంది. నేను చూస్తున్నది దాన్నే.

బావ ఐదు దాటాక వచ్చాడు. నోటి మీద వేలు పెట్టి, చప్పుడు చెయ్యొద్దని సైగ చేశాను.

"ఎంతసేపైంది పడుకుని?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"మూడు గంటలు. ఒక్కసారి కూడా లేవలేదు" అన్నాను గొప్పగా.

బావ చేతిలో సంచి కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చి అక్క భుజం తట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. మా ముందు ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. అక్క కళ్లు తెరవలేదు. గట్టిగా ఊపాడు. కనురెప్పలు కొంచెం కదిలి మళ్లీ మూతపడ్డాయి. అప్పుడు ఆయన మిషను వైపు చూశాడు. గోళీని చూశాడు. నన్ను చూశాడు.

ఆసుపత్రిలో ఆమె మణికట్టు దగ్గర సూది గుచ్చి రక్తం తీశారు. మొహానికి బిగుతుగా పట్టే తొడుగు వేసి, బలవంతంగా ఊపిరి లోపలికి నెట్టే మిషను పెట్టారు. గంట తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. నేనే పెంచానని చెప్పాను. నాలుగు అని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మీకు అర్థమయ్యేలా చెప్తాను, ఇందులో ఇంకా వేరే కారణాలు కూడా ఉన్నాయి" అంది. "మనలాంటి వాళ్లకి ఒంట్లో కార్బన్ డయాక్సైడు పెరిగితే, ఊపిరి తియ్యమని లోపల గంట మోగుతుంది. ఆవిడకి ఏళ్ల తరబడి అది ఎక్కువగానే ఉండి ఉండి, ఆ గంట సరిగా మోగడం మానేసింది. ఇప్పుడు ఆవిడ చేత ఊపిరి తీయిస్తోంది ఆక్సిజన్ తక్కువన్న ఆ బాధే. మీరు ఆ బాధ తీసేశారు. ఒళ్లు, ఇంక చాల్లే అనుకుని ఊపిరి తగ్గించేసింది. చెడుగాలి లోపలే పేరుకుపోయింది. బుగ్గలు ఎర్రబడటం, చేతులు వెచ్చబడటం, మత్తు, అన్నీ దానివల్లే. మీ వేలి పరికరం ఆక్సిజన్‌నే చూపిస్తుంది, దీన్ని చూపించదు."

చాలినంత మంచిగాలి ఉంటే తలుపులేసుకుని కూర్చుంటుందని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేది నేనే. గోరంత పురుగు సంగతి తెలిసినవాడిని, నన్ను పెంచిన మనిషి సంగతి తెలియకుండా పోయానా? ఎవరైనా ఏమీ తెలియక చేశారంటే సరే. నాకు సగం తెలుసు. ఆ సగంతోనే డాక్టరమ్మ మాట తీసి గట్టున పెట్టాను.

వసారాలో బల్ల మీద బావ నా పక్కనే కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"పురుగు ఊపిరెలా తీస్తుందో గంటలు గంటలు చెప్తావు కదయ్యా. మీ అక్క ఎలా తీస్తుందో ఒక్కసారి అడగాల్సింది."

అది ఆయన వేళాకోళంగా అన్న మాట కాదు. ఆ తర్వాత ఆయన నన్ను పొగరాయుడని పిలవలేదు.

మందు పట్టించిన పదో రోజు గోదాముకు వెళ్లక తప్పింది కాదు. ముఖానికి తొడుగు వేసుకుని పట్టా లాగాం. గాలి పూర్తిగా పోయేదాకా ఆగి, బస్తాల మధ్య చిమ్మితే చేట నిండా పురుగులు వచ్చాయి. అన్నీ చచ్చాయి. పని బాగా కుదిరిందని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. నేను గోదాము వెనక్కి వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను. మిగతావాళ్లు మందు వాసన పడలేదేమో అనుకున్నారు.

అక్క బతికింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. ఇంటికి వచ్చేసరికి సగం మనిషైంది. ఊపిరితిత్తుల్లో మిగిలిన ఆ కాస్త బలమూ తగ్గిందనీ, ఇకముందు ఇంత కూడా ఉండకపోవచ్చనీ, అయినా గోళీ ఒకటో గీత దాటకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. కష్టపడుతున్నట్టు కనిపిస్తుంది, చూడలేకపోతారు, అయినా పెంచకండి అని నా వైపు తిరిగి మళ్లీ చెప్పింది.

మేం ఇల్లు చేరేసరికే బావ ఆక్సిజన్ మిషనుకు గుడ్డ తొడుగు కుట్టి ఉంచాడు. గాలి పోయే చోట వదిలేసి, గాజు గొట్టం కనపడేలా చిన్న సందు ఉంచి, మీట ఉన్న చోట మాత్రం మందపాటి గుడ్డతో మూసేశాడు. గుండీలు లేవు, హుక్కులు లేవు. మిషనుకు తొడిగి, చుట్టూ చేత్తో కుట్టేశాడు. రెండు వరసల కుట్టు. మీట తిప్పాలంటే కుట్టు విప్పాల్సిందే. ఎవరి కోసం కుట్టాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

వారం రోజులు గడిచాయి. మధ్యాహ్నాలు నేను వచ్చి కూర్చుంటున్నాను. ఆ రోజు కింద బావ కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. అక్క మూడు దిండ్లు ఆనుకుని కూర్చుంది. పరికరంలో ఎనభై ఏడు. ఒక్కో ఊపిరికీ మెడ దగ్గర గుంట పడుతోంది. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదమని ఆసుపత్రిలో నేర్పారు. నేను ఊది చూపిస్తున్నాను. ఆమె చూస్తోంది గానీ ఊదడం లేదు.

"ఆ రోజు... పెంచింది నువ్వే కదూ?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలిరా? చిన్నప్పుడు చక్కెర డబ్బా ఖాళీ చేసినప్పుడు... ఇదే మొహం."

ఆమె కాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. యాభై ఏళ్లు దాటినవాడిని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. క్షమించమని అడిగాను. ఆమె చెయ్యి నా తల మీద పడింది. చల్లగా ఉంది.

"ఎందుకురా ఏడుస్తావు? ఆరేళ్లలో... నేను నిద్రపోయింది ఆ ఒక్క రోజే." చాలాసేపు ఆగింది. "ఊపిరి తియ్యాలన్న సంగతే... మర్చిపోయానురా. ఎంత హాయిగా ఉందో... నీకెలా చెప్పను?"

నేను తలెత్తాను. ఆమె మిషను వైపు చూస్తోంది. బల్ల మీద, మందుల పక్కన, కట్టు గుడ్డ కత్తిరించడానికి తెచ్చిన చిన్న కత్తెర ఉంది.

"ఆ కుట్టు విప్పరా."

"అక్కా, ఏమంటున్నావు?"

"మళ్లీ అలా పెట్టు. ఆ రోజు ఎంత పెట్టావో... అంత."

"చచ్చిపోతావక్కా!"

"తెలుసురా" అంది. కోపం లేదు, దుఃఖం లేదు. చిన్నప్పుడు నన్ను బజారుకు పంపేటప్పుడు ఏమేం తేవాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీ బావని అడగలేను. ఆయన... తట్టుకోలేడు. నువ్వు కాకపోతే ఎవర్నడగను?"

కత్తెర తీసుకుని మెట్లు దిగి, బావ బల్ల మీద పడేసి, ఆయన ఏదో అడుగుతున్నా ఆగకుండా పైకి వచ్చాను. అక్కకు అర్థమైంది. మొహం గోడ వైపు తిప్పుకుంది. మళ్లీ అడగలేదు. అడగాలన్నా ఊపిరి కావాలి, అది ఆమె దగ్గర లేదు.

ఆమె వెనక కూర్చుని వీపు నిమిరాను. పక్కటెముకలు నా చేతి కింద లేస్తున్నాయి, పడుతున్నాయి, మళ్లీ కష్టంగా లేస్తున్నాయి. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. అన్ని ఊపిరుల్లో ఒక్కటైనా ఆమె బదులు నేను తీసి పెట్టలేకపోయాను.